పుర్రచేతి వంటగది, ఒక మేస్త్రి గారు

నిన్న రాత్రి పదకొండున్నరకు మా పడవ వంటగదికి ఆఖరి స్క్రూ బిగించాం. పొద్దున్నుంచి పడుకునే ఉన్నాను. గోళ్ల సందుల్లో ఎపాక్సీ జిగురు ఇంకా వదలలేదు. రేపు రాద్దామంటే తేరుకుని, మర్యాదగా, పొడిపొడిగా రాస్తానేమోనని ఇప్పుడే మొదలుపెట్టాను. తప్పులుంటే మన్నించండి.

తెలియని వారికి రెండు ముక్కలు. మాది 38 అడుగుల పాత మోటారు యాట్, అంటే విహారపు పడవ, ఫైబర్‌ది, వయసు 34 ఏళ్లు. మా వారు ఓడల్లో ఇంజనీరు ఉద్యోగం చాలించాక ఎవరో వదిలించుకుంటుంటే కొన్నారు. ఇంజన్లు ఆయన బాగుచేసుకున్నారు. వంటగది మాత్రం, ఓడల వాళ్లు గ్యాలీ అంటారు, ఎవరికీ పట్టలేదు. ఒక మనిషి నిలబడితే ఇంకొకరు తప్పుకుని వెళ్లలేని నడవ. ఒక పక్క పొయ్యి, సింకు. మరో పక్క ఐసు పెట్టె. మార్చిలో ఒకరోజు సింకు వెనక చెక్కను వేలితో నొక్కితే నానిన అప్పడంలా లోపలికి దిగిపోయింది. పైపు అతుకు దగ్గర ఏళ్ల తరబడి బొట్టుబొట్టుగా కారి ప్లైవుడ్ అంతా కుళ్లింది. అదొక ఎత్తు. గ్యాస్ సిలిండరు ఆ సింకు కింది అరలోనే ఉండటం ఇంకొక ఎత్తు. వంటగ్యాస్ గాలి కంటే బరువు. ఇంట్లో లీకైతే తలుపులు తీసి బయటికి పంపవచ్చు. పడవలో అది అడుగున నీళ్లు చేరే గుంటలోకి దిగి ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకుని కూర్చుంటుంది. మేము దాని పక్కనే టీ కాచుకుని తాగుతూ భీమిలి దాకా వెళ్లివచ్చేవాళ్లం.

సరే, మొత్తం పీకేశాం. ఇళ్లకు వంటగదులు బిగించే వారికి పని అప్పగించాం. అది మా తెలివితక్కువతనం, వారి తప్పు కాదు. మూలమట్టం పెట్టి కోసిన చక్కటి అల్మారాలు ఆరు తెచ్చారు. పడవలో మూలమట్టానికి లొంగే మూల ఒక్కటీ లేదు, గోడలన్నీ వంపులే. పైగా లోపలికి దిగే ద్వారం 21 అంగుళాలు, అల్మారాల లోతు 24. ఒక్కటీ లోపలికి పోలేదు. మే నెల ఎండలో, చేపల రేవు జెట్టీ మీద, ఆరు అల్మారాలు పెళ్లివారి సామానులా వరుసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద నేను కూర్చున్నాను. ఏడవలేదు, ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలల్లోనే రేవులో బోట్లన్నీ మరమ్మతుకు ఎక్కుతాయి. పడవ పని తెలిసిన వడ్రంగికి సంవత్సరం మొత్తంలో నాలుగు డబ్బులు కనిపించేది అప్పుడే. వాళ్లలో ఒకరిని పిలిచి మా పని చూడమని అడగడానికి నోరు రాలేదు.

పక్క బోటు మీద నీళ్లు చొరకుండా చెక్కల సందుల్లో నూలు కూరుతున్న ఒక పెద్దాయన సుత్తి పక్కన పెట్టి దిగి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. అల్మారా తలుపు తీసి, వేసి, చెక్క అంచును బొటనవేలితో తడిమి, "చెక్క మంచిదేనమ్మా, నీళ్లకు తట్టుకునే 710 రకమే. కొలతే పడవది కాదు" అన్నారు. అక్కడ నవ్వుతున్న వారు చాలామంది ఉన్నారు. ఆయన నవ్వలేదు.

తరువాత లోపలికి దిగి చూసి, "ఇక్కడ వండేది ఎవరు?" అని అడిగారు. అప్పటికి మూడు నెలలుగా దుకాణాల వాళ్లు, కరెంటు పని వాళ్లు, ఆఫీసుల వాళ్లు అందరూ మా వారితోనే మాట్లాడారు. నేను అడిగిన ప్రశ్నలకు కూడా ఆయన ముఖం చూసే జవాబు చెప్పారు. నేనే వండుతానన్నాను. "అయితే మీరు రండమ్మా. ఇక్కడ నిలబడి వండండి" అన్నారు. పొయ్యి లేదు, బల్ల లేదు, నేల మీద అడ్డంగా రెండు చెక్కలు. ఉత్త మూకుడు చేతికిచ్చారు. సిగ్గుపడుతూనే గాలిలో ఉల్లిపాయలు తరిగి, తాలింపు వేసి, గరిటె తిప్పాను.

"మీది పుర్రచెయ్యి కదమ్మా?"

టక్కున గరిటె కుడిచేతిలోకి మార్చేశాను. నలభై ఏడేళ్ల అలవాటు. చిన్నప్పుడు ఎడమచేత్తో అన్నం వడ్డించినందుకు మా నాయనమ్మ వేళ్ల మీద కొట్టేది. పెళ్లి పంక్తిలో వడ్డన నుంచి నన్ను పక్కకు తప్పించారు. "మార్చకండి, మార్చకండి" అన్నారాయన. "మీ చెయ్యి ఎందుకు మార్చడం? నేను చెక్క మారుస్తాను."

అక్కడ ఏడ్చాను. మా వారు పైకి వెళ్లిపోయారు.

ఆయన లెక్క ఏమిటంటే, కదిలే పడవలో వండే మనిషికి ఒక చెయ్యి ఎప్పుడూ పట్టు కోసం కావాలి. ఎడమచేత్తో గరిటె తిప్పే మనిషికి పట్టుకునే కడ్డీ కుడివైపు, మోచేతి ఎత్తులో ఉండాలి. పాత వంటగదిలో అది ఎడమవైపు ఉండేది. కొంచెం అల వస్తే నేను గరిటె వదిలేసి రెండు చేతులతో పొయ్యినే పట్టుకునేదాన్ని, అది నా భయం అనుకున్నాను ఇన్నాళ్లూ. తరిగే పలక పొయ్యికి ఎడమకు వచ్చింది. నడుము ఆనించుకునే అంచు నా ఎత్తుకు పెట్టారు.

మా అబ్బాయి రసమట్టం తెచ్చి ఇస్తే పక్కన పెట్టించేశారు. నీళ్ల మీద ఉన్న పడవలో మనిషి అటు జరిగితే బుడగ అటు పోతుంది. యాపిల్ పండ్ల అట్టపెట్టెలు తెమ్మన్నారు. అట్టను పడవ గోడ దగ్గరికి జరిపి, కంపాసు ముల్లును వంపు వెంట జార్చుకుంటూ పోతే రెండో కాలికి కట్టిన పెన్సిలు అదే వంపును అట్ట మీద గీసేది. అలా 14 అట్టలు. ఆ గీత మీద ప్లైవుడ్ కోసి, చిత్రిక పట్టి, అంచులకు ఎపాక్సీ తాగించి లోపల ఆనిస్తే సందులో పోస్టుకార్డు కూడా దూరేది కాదు. పనికిరావనుకున్న ఆరు అల్మారాల చెక్కలో ముప్పాతిక భాగం అందులోనే సరిపోయింది.

పగలంతా ఒప్పుకున్న బోట్ల పని, సాయంత్రం అయిదు నుంచి చీకటి పడే దాకా మాది. కూలి పైసాతో సహా తీసుకున్నారు, అది నాకు నచ్చింది. మొదటి రోజుది మాత్రం వద్దన్నారు. "ఆ రోజు పని చేయలేదు, చూశాను" అన్నారు. పేరు రాయవద్దని గట్టిగా చెప్పారు. రాస్తే అందరూ వంటగదులు చేయమని వస్తారట, ఆయన పడవలు చేసే మనిషట.

ఇక ఆ పొయ్యి. పడవ ఒరిగినా నిటారుగా ఉండేలా ఊగే పొయ్యి విదేశం నుంచి తెప్పించాం. అది 41 రోజులు ఒక గోదాములో ఉండిపోయింది. దాన్ని విడిపించే కాగితంలో రెండే గడులు ఉన్నాయి. "చేపల పడవా?" కాదండీ. "ఓడా?" కాదండీ. "మరి ఏమిటది?" ఏడుసార్లు వెళ్లాను, ఏడుసార్లూ ఇదే సంభాషణ. ఎనిమిదోసారి వేరే గుమాస్తా ఉన్నారు, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి పది నిమిషాల్లో పంపించేశారు. ఏ గడో నేను అడగలేదు. తరువాత తనిఖీకి వచ్చినవారు చెక్కపని ఎవరు చేశారు, సర్టిఫికెట్ ఉందా అన్నారు. యాభై ఏళ్లుగా ఆ చేతులు చేసిన బోట్ల మీద వేటకు వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చే వాళ్లను సాక్ష్యానికి తీసుకురమ్మంటారా అని అడగబోయి ఊరుకున్నాను. కాగితం మళ్లీ ఆ తనిఖీ ఆయన చేతిలోనే ఉంది కదా.

ఆఖరి స్క్రూలు ఇంకా మిగిలి ఉండగానే నిన్న సాయంత్రం మొదటి వంట, వంజరం పులుసు. రేవులోకి వస్తున్న టగ్గు, ఓడలను లాగే పడవ, అల కొట్టింది. పొయ్యి ఊగింది, గిన్నె కదలలేదు. మేస్త్రి గారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పులుసు వైపు చూడలేదు, కడ్డీ పట్టుకున్న నా కుడిచేతి వైపు చూశారు. "రెండంగుళాలు పైకి పెట్టాల్సింది" అని తనలో తాను అనుకున్నారు. నాకైతే సరిగ్గానే ఉంది.

మా వారికి, పిల్లలకు, నగలు కుదువపెట్టి డబ్బు సర్దిన మా ఆడపడుచుకు కృతజ్ఞతలు ఇంట్లో చెప్పుకుంటాను.

పోస్టు చేయబోతుంటే ఇంకొందరు గుర్తొస్తున్నారు. గాజువాక ఆటోనగర్‌లో కడ్డీ వంచి ఇచ్చిన వెల్డరు గారు, ఉప్పుగాలికి 304 స్టీలు మచ్చలు పడుతుంది, 316 కొనుక్కుని రండి అని తన దగ్గరున్న సరుకు అమ్ముకోకుండా మమ్మల్ని వెనక్కి పంపారు. సిలిండరు పెట్టెను బయట డెక్కు మీద పెట్టించి, అడుగున గ్యాస్ బయటికి పోయే బెజ్జం మరిచిపోతే ఫోను చేసి గుర్తుచేసిన మా వారి పాత సహోద్యోగి. పూర్ణా మార్కెట్‌లో వెడల్పు అడుగున్న గిన్నెల కోసం దుకాణమంతా దింపించిన ఆవిడ. అయ్యో, ఆరు అల్మారాలు రాత్రంతా జెట్టీ మీదే ఉంటే వాన పడబోతోందని తన బోటు టార్పాలిన్ తీసి కప్పిన సరంగు గారు, బోటు నడిపే ఆయన! మీ టార్పాలిన్ ఇంకా మా దగ్గరే ఉంది, ఆదివారం తెచ్చి ఇస్తాం.