కాలు తగలకపోయినా ఫౌలే

సంపాదకులు గారికి నమస్తే.

మొన్న హన్మకొండలో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి మీ జిల్లా పేజీలో రిఫరీ తప్పు వల్లే గొడవ జరిగిందని రాశారు. ఆ మ్యాచ్ నేనూ చూశాను, రిఫరీ తప్పేమీ లేదు. గోల్ ముందుండే పెనాల్టీ బాక్స్‌లో ఒక పిల్లవాడు తలతో బాల్ కొట్టబోతుంటే డిఫెండర్ ఎత్తిన బూటు సరిగ్గా అతని మొహం ముందు నుంచి పోయింది, పిల్లవాడు భయపడి తల వెనక్కి తీసుకున్నాడు. దెబ్బ తగల్లేదు. రిఫరీ విజిల్ వేసి చెయ్యి నిటారుగా పైకెత్తాడు, అంటే ఇండైరెక్ట్ ఫ్రీకిక్, ఇందులో నేరుగా గోల్ కొడితే చెల్లదు. దాంతో ఒక టీమ్ 'కాలే తగల్లేదు, ఫౌల్ ఏంది' అని, ఇంకో టీమ్ 'బాక్స్‌లో ఫౌలైతే పెనాల్టీ (గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టే కిక్) ఎందుకియ్యవు' అని రెండు వైపుల నుంచీ ఆయన మీదికి పోయారు.

ఫుట్‌బాల్ ఆట 12వ నిబంధనలో ఇది స్పష్టంగా ఉంది. బాల్ ఆడబోయి ఎదుటివాడికి దెబ్బ తగిలే ప్రమాదం తెచ్చినా, ఆ భయంతో అతను వెనక్కి తగ్గినా అది ప్రమాదకరమైన ఆటే. తగలకపోతే బాక్స్‌లో అయినా ఇండైరెక్ట్ ఫ్రీకిక్కే. తగిలితే మాత్రం అక్కడ పెనాల్టీ, తన్నిన తీరును బట్టి ఎల్లో కార్డో (హెచ్చరిక) రెడ్ కార్డో (బయటికి పంపడం) కూడా రావచ్చు. 'ముందు బాల్‌కే తగిలింది సార్' అన్నంత మాత్రాన కార్డు నుంచి తప్పించుకోలేరు.

పొరపాట్లు జరగవని కాదు. 2010 వరల్డ్ కప్ ఫైనల్లో నెదర్లాండ్స్ ఆటగాడు డియాంగ్ బూటుతో స్పెయిన్ ఆటగాడు అలోన్సో ఛాతీ మీద తంతే రిఫరీ హోవార్డ్ వెబ్ ఎల్లో కార్డే చూపించాడు, అది రెడ్ అని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అయినా ఆట మళ్లీ మొదలయ్యాక సాధారణంగా నిర్ణయం మారదు. వరల్డ్ కప్‌లో 2018 నుంచి వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయపడే పద్ధతి) వచ్చింది, మన గ్రౌండ్లలో ఉన్నది రిఫరీ రెండు కళ్లే. 2023లో ఇండియన్ సూపర్ లీగ్‌లో బెంగళూరుతో ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్‌లో ఫ్రీకిక్ గోల్ ఒప్పుకోక కేరళ బ్లాస్టర్స్ మధ్యలోనే గ్రౌండ్ వదిలి వెళ్లింది, చివరికి మ్యాచ్ పోయింది, 4 కోట్ల జరిమానా కూడా పడింది.

దసరా సెలవుల్లో టోర్నమెంట్లు పెట్టేవాళ్లు రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాలని ముందే చెప్పాలి, పెద్ద పోటీల్లో ఇప్పుడు అదే పద్ధతి. మీ విలేకరి కూడా వార్త పంపేముందు ఆ నిర్ణయం ఎందుకిచ్చారో రిఫరీని అడిగి అది కూడా రాస్తే బాగుంటుంది.

- ఒక ఫుట్‌బాల్ అభిమాని, కాజీపేట