మందులు ఇంటికి పంపిస్తామన్నారు కదా సార్, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఇది నాలుగో ఉత్తరం సార్. ముందు మూడూ మీ ఆఫీసులో ఇచ్చి స్టాంపు కూడా వేయించుకున్నా, ఒక్కదానికీ జవాబు రాలేదు, అందుకే అందరూ చదివేలా రాస్తున్నా.

2020లో కరోనా వచ్చినప్పుడు పెద్దవాళ్లు ఇల్లు కదలొద్దు, బీపీ షుగర్ మందులు మేమే పంపిస్తాం అన్నారు. మా అమ్మ మీ మాట నమ్మింది. ఆస్పత్రిలో ఓపీ మూసేశారు, మందులు రాలేదు, ఫోన్ చేస్తే లిస్టులో పేరుంది, యాప్‌లో చూసుకోండి అంటారు. అమ్మది బటన్ ఫోను, వస్తే ఎత్తడం తప్ప ఏమీ తెలీదు. ఉన్న బీపీ బిళ్లల్ని బ్లేడుతో సగానికి కోసుకుని రోజు విడిచి రోజు వేసుకుంది, చెప్తే నేను మందులకని బయటికెళ్లి జబ్బు తెచ్చుకుంటానని చెప్పలేదు. కాగితంలో చుట్టిన ఆ సగం ముక్కలు తర్వాత తలగడ కింద దొరికాయి.

ఒకరోజు తిండి మానేసింది, నన్నే ఎవరు నువ్వు అంది, లెట్రిన్‌కి వెళ్తూ పడిపోయింది. హెల్ప్‌లైన్‌కి చేస్తే జ్వరముందా దగ్గుందా అన్నారు, లేవంటే అయితే కరోనా కాదులే అని పెట్టేశారు. పెద్ద వయసులో జ్వరం లేకుండానే కరోనా రావచ్చని, తికమక పడటం, తూలి పడటం, తినకపోవడమే ముందు కనిపించొచ్చని డాక్టర్లకి తెలుసు కదా సార్, మరి ఫోన్ ఎత్తేవాళ్లు ఆ మాట ఎందుకు అడగలేదు? రెండ్రోజులకి ఎవరిదో ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెడితే ఆక్సిజన్ 84 చూపించింది. 94 కంటే తగ్గితేనే కంగారు పడాలట, మాకెవరు చెప్పారు? అమ్మ దక్కలేదు.

విడిగా గదిలో ఉంచండి అన్నారు, ఏ గదిలో సార్? ఐదుగురికీ ఒక్కటే గది, కుళాయి, లెట్రిన్ నాలుగిళ్లకి కలిపి. పక్కింటి తాత బతికాడు గానీ నెలల తరబడి మంచం మీదే ఉండి కాళ్లలో సత్తువ పోయింది, ఇప్పటికీ గోడ పట్టుకునే నడుస్తాడు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) కరోనా ఎమర్జెన్సీ ఎత్తేసింది. మీ మందులు మాత్రం మా బస్తీకి ఇంకా రాలేదు. దయచేసి మనుషుల్ని పంపండి, యాప్ కాదు, గడప దగ్గరికొచ్చి పెద్దవాళ్లని పలకరించి ఆక్సిజన్ చూసే మనుషులు కావాలి, మూడు నెలల బిళ్లలు ఒకేసారి ఇవ్వండి, మళ్లీ ఇలాంటి జబ్బు రాకముందే చేయండి, మీ కాళ్లు పట్టుకుంటా.

లిస్టులో మా అమ్మ పేరు ఇంకా అలాగే ఉందట సార్. అది తీసేసి ఆ చోట పక్కింటి తాత పేరు రాయించండి.