కార్తీక భోజనాలు ఈసారి వీధి వారీగా పెట్టుకుందామా

ఎడిటర్ గారికి నమస్కారం అండీ.

నేను విజయవాడ సింగ్ నగర్లో ఉంటా, ఇంటి కిందే చిన్న కర్రీ పాయింట్ నడుపుతా, పదకొండేళ్ళయింది. పేపర్‌కి రాయడం ఇదే మొదటిసారి, ఫోన్లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే మీరే దిద్దుకోండి. దీపావళి వెళ్ళిన మర్నాడే కార్తీకం వచ్చేస్తుంది, ఇంక వనభోజనాలు మొదలు, సోమవారం సోమవారం మీ జిల్లా పేజీలో ఫోటోలు పడతాయి కదా ఫలానా సంఘం ఆధ్వర్యంలో ఫలానా తోటలో అని, దాని గురించే ఈ గోల.

ముందు 2024 వరద సంగతి చెప్పాలండీ, అది చెప్పకపోతే మిగతాది ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఆదివారం కాబట్టి చికెన్ కర్రీ బాగా పోతుందని మసాలా నూరి పెట్టుకున్నా. అందరి కళ్ళూ కృష్ణ మీద, ప్రకాశం బ్యారేజీ మీద ఉంటే మాకు మాత్రం బుడమేరు వాగు వచ్చింది. దాని మళ్ళింపు కాలవకి మూడు చోట్ల గండ్లు పడ్డాయని, పూడ్చడానికి ఆర్మీ వాళ్ళని కూడా దింపారని అదంతా మాకు తర్వాత తెలిసింది, అప్పటికి మాకు తెలిసింది ఒకటే, గుమ్మంలో నీళ్ళు, కాసేపటికి మోకాళ్ళు, ఇంకాసేపటికి నడుం. నా షాపు మునిగిపోయింది. ఫ్రిజ్ తేలి వెళ్ళి గోడకి కొట్టుకుంటుంటే మెట్ల మీద నిలబడి చూశా, ఏం చేస్తాం.

మా బిల్డింగ్ నాలుగు అంతస్తులు. కింద వాళ్ళం అందరం పైకెక్కాం, పక్క రేకుల ఇళ్ళ వాళ్ళు కూడా మా మేడ మీదకే వచ్చారు, లెక్కపెడితే పిల్లలతో కలిపి ముప్పై ఏడు మంది. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. రెండో అంతస్తులో ఒకళ్ళ దగ్గర బియ్యం బస్తా ఉంది, ఇంకొకళ్ళ దగ్గర కందిపప్పు, పొయ్యి ఉంది కానీ గ్యాస్ అయిపోయింది. వీధి చివరింట్లో ఉండే కుర్రాడు, శ్రీకాకుళం వైపు నుంచి తాపీ పనికి వచ్చాడు, పెళ్ళాం ఇద్దరు పిల్లలు, ఆ అబ్బాయి ఆ మురికి నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళి నా షాపులో తేలుతున్న సిలిండర్ని తోసుకుంటూ తెచ్చాడు. దాంతోనే నాలుగు రోజులు వండాం, నేనే వండా, చింతపండు పప్పు, అన్నం, అంతే. హెలికాప్టర్లు, డ్రోన్లు వచ్చాయి, పొట్లాలు పడేవి, కొన్ని మన మేడ మీద పడేవి కొన్ని నీళ్ళలో పడేవి. పాల ప్యాకెట్ దొరికితే ముందు చంటిపిల్లలకి. ఎవరి గ్లాసు ఎవరు తాగారో కూడా తెలీదండీ. అసలు ఆ మేడ మీద మడి అనేవాళ్ళు ఉన్నారు, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు, నమాజ్ చేసుకునేవాళ్ళు ఉన్నారు, ఒకటే గంటె. సెప్టెంబర్ 7న వినాయక చవితి వస్తే పందిరి లేదు విగ్రహం లేదు, నాలుగో అంతస్తు పెద్దావిడ పసుపు ముద్దతో చేసి పిట్టగోడ మీద పెట్టింది, అందరం దండం పెట్టుకున్నాం, పెట్టని వాళ్ళు పక్కన కూర్చున్నారు, బెల్లం ముక్క మాత్రం అందరూ తిన్నారు.

నీళ్ళు తీశాక సంగతి చెప్తా ఇప్పుడు. సాయం మొదలైంది. గవర్నమెంట్ కింద పోర్షన్‌కి 25 వేలు, పై అంతస్తులకి 10 వేలు అని ఇచ్చింది, అది సరే. సంఘాల వాళ్ళు కూడా వచ్చారు. మా కులం సంఘం వాళ్ళు బియ్యం మూట తెచ్చారు, చేతిలో లిస్టు, లిస్టులో పేరున్న వాళ్ళకే. ఇంకో సంఘం వాళ్ళు దుప్పట్లు, వాళ్ళకీ లిస్టు. ఒకే మెట్ల మీద మూడు సంఘాల వాళ్ళు ఎక్కి దిగారు, ఎవరి తలుపు వాళ్ళు కొట్టుకుంటూ. నేను మూట తీసుకున్నా, అబద్ధం ఎందుకు, అవసరం అలాంటిది. కానీ ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి చూస్తుంటే ఆ మూట లోపల పెట్టుకోడానికి సిగ్గేసింది, మొన్నటిదాకా ఆవిడ బియ్యమే కదా తిన్నాను. ఆ శ్రీకాకుళం కుర్రాడి ఇంటికి ఏ లిస్టూ రాలేదు, వాళ్ళ వాళ్ళకి ఇక్కడ సంఘం లేదు మరి.

తర్వాత నవంబర్, కార్తీకం. నా షాపు అప్పుడే మళ్ళీ తెరిచా. ఒక ఆదివారానికి రెండు ఆర్డర్లు వచ్చాయి, రెండు వేర్వేరు సంఘాల వనభోజనాలు, ఒకటి నూజివీడు వైపు మామిడి తోటలో, ఇంకోటి మంగళగిరి వైపు. రెండిటికీ పులిహోర కావాలన్నారు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఒకే గుండిగలో అన్నం వండి, ఒకే బాణలిలో పోపు పెట్టి, ఒకే పళ్ళెంలో కలిపి, రెండు డేక్సాల్లో సర్ది రెండు వ్యాన్లు ఎక్కించా. ఆ డేక్సాల మూతలు పెడుతుంటే నాకు నవ్వొచ్చింది. ఒకే పులిహోర రెండు తోటల్లో రెండు కులాలైపోయింది.

ఏడున్నరకి వీధి చివర బస్సులు, ఫ్లెక్సీలు, ఎవరి నాయకుడి ఫోటో వాళ్ళది. మేడ మీద నాలుగు రోజులు నా పక్కన పడుకున్నావిడ ఒక బస్సెక్కింది, ఆవిడ కూతురితో ఆడుకున్న మా మేనకోడలు ఇంకో బస్సెక్కింది. పది గంటలకి వీధంతా ఖాళీ. అప్పుడొచ్చాడు ఆ కుర్రాడు, ముప్పై రూపాయల కూర కోసం. ఏంటి పిన్నీ ఎవరూ లేరు అన్నాడు. భోజనాలకి వెళ్ళారయ్యా అన్నా. ఏం భోజనాలు అన్నాడు. నేను కూర ప్యాకెట్ కట్టి చేతిలో పెట్టా, డబ్బులు తీసుకోలేకపోయా, అతను ఎందుకో అర్థం కాక కౌంటర్ మీద పెట్టేసి వెళ్ళిపోయాడు.

కుల సంఘాల వాళ్ళని తిట్టడానికి కాదండీ ఇది. నేను కూడా ఎన్నో ఏళ్ళు ఆ బస్సెక్కినదాన్నే, తంబోలా ఆడి స్టీలు డబ్బా గెల్చుకున్నదాన్నే. అక్కడ సంబంధాలు కుదురుతాయి, చదువుకునే పిల్లలకి ఫీజులు కడతారు, అవన్నీ కాదనను. అయితే వనభోజనం అంటే చిన్నప్పుడు మా ఊళ్ళో ఏంటి? ఉసిరి చెట్టు కింద నలుగురం కలిసి వండుకుని తినడం. అసలు ఉసిరి చెట్టుకి నీడ ఎక్కడుంటుంది, ఆ సన్న ఆకులకి ఎండ ఆగుతుందా, అందుకే ఉసిరి కొమ్మ ఒకటి విరిచి మామిడి చెట్టుకి కట్టి దానికే దీపం పెట్టి మామిడి నీడలో తినేవాళ్ళం. కొమ్మ తెచ్చుకుంటే ఏ చెట్టు కిందైనా కార్తీకమే.

నెల్లూరు రొట్టెల పండగకి ఒకసారి వెళ్ళా, మొహర్రం నెలలో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో. నీళ్ళలో దిగి ఒకళ్ళు అరుస్తుంటారు ఉద్యోగం రొట్టె, ఒకళ్ళు చదువు రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా వచ్చింది. కోరిక తీరిన వాళ్ళు రొట్టె ఇస్తారు, కావాల్సిన వాళ్ళు పుచ్చుకుని తింటారు, తీరాక మళ్ళీ ఏడు వచ్చి వాళ్ళు ఇంకొకళ్ళకి ఇస్తారు. నాకు ఇల్లు రొట్టె ఇచ్చినావిడ ఎవరో, ఏ ఊరో, నేనడగలేదు ఆవిడా అడగలేదు. మా చెల్లి హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉంటుంది, సద్దుల బతుకమ్మ రోజు కాలనీ ఆడవాళ్ళంతా తంగేడు, గునుగు పేర్చుకుని కిందకి దిగుతారంట, ఆడాక నువ్వుల పొడి, పల్లీల పొడి ఒకరికొకరు పెట్టుకుంటారంట, మన కోస్తా వాళ్ళం కూడా చప్పట్లు తప్పుగా కొడుతూ తిరుగుతాం అక్కా అని నవ్వుతుంది. అక్కడా సంఘాలు ఉండే ఉంటాయి లెండి, కానీ ఆ ఒక్క సాయంత్రం ఎవరూ బస్సెక్కి పోవట్లేదు కదా, ఉన్న చోటే కిందకి దిగుతున్నారు.

మరి మనం ఎందుకు బస్సెక్కుతున్నాం అంటే నాకర్థమైంది ఇది. ఖర్చు నాయకుడు పెడతాడు కాబట్టి. బస్సు ఆయనది, భోజనం ఆయనది, అప్పుడు ఫ్లెక్సీ కూడా ఆయనదే, మైకులో ముందు ఆయనే. వీధి వారీగా పెట్టుకుంటే ఖర్చు మనదే, ఓట్ల లెక్క కుదరదు కాబట్టి ఎవరూ ముందుకు రారు. సరే, ఆ ఖర్చెంతో నేను లెక్కేశా, నా పనే అది. మా వీధిలో ముప్పై రెండు ఇళ్ళు, నూట ఇరవై మంది అనుకుందాం. అన్నానికి పన్నెండు కిలోల బియ్యం, పులిహోరకి ఐదు, పప్పుకి నాలుగు కిలోల కందిపప్పు, కూర, పులుసు, పెరుగు, నూనె, ఆకులు, ఇంటికి మూడొందలు వేసుకుంటే ఇంచుమించు సరిపోతుంది, పొయ్యిలు గిన్నెలు నావి, అద్దె లేదు. తోటకి పోనక్కర్లేదు, మా మేడే చాలు. కడియం నుంచి వచ్చిన మొక్క అని నర్సరీ అతను చెప్తే ఉసిరి మొక్క కొని కుండీలో పెట్టా వరద తర్వాత, నా నడుం దాకా వచ్చింది.

మా వీధి వాట్సాప్ గ్రూపులో వారం కిందట ఈ మాట పెట్టా. ఇద్దరు బొటనవేలు పెట్టారు, ఒకాయన పండగ శుభాకాంక్షల వీడియో పెట్టాడు, దాంతో నా మెసేజ్ పైకి పోయింది. అందుకని ఇంటింటికీ తిరిగా. ఎర్రిదానా అన్నట్టు చూసిన వాళ్ళున్నారు. దీపం దగ్గరికి మేం రాము కానీ భోజనానికి వస్తాం అన్నారు చర్చి వాళ్ళు, సరే అన్నా, దీపం పొద్దున్నే పెట్టేస్తాం, భోజనం పన్నెండింటికి, ఎవరికేది కావాలో దానికి రండి. రెండో అంతస్తు ఖాలా షీర్ ఖుర్మా చేస్తానంది, నేనొద్దంటానా. శ్రీకాకుళం కుర్రాడి భార్య మునగాకు పప్పు మాది వేరేగా ఉంటది అంది, చూద్దాం. ఒకటే రూలు, ఆ రోజు నీచు వద్దు, దానికి అందరూ ఒప్పుకున్నారు, వంటల్లో ఉల్లిపాయ మీద మాత్రం ఇంకా పంచాయితీ తేలలేదు. ఇప్పటికి పంతొమ్మిది ఇళ్ళు వస్తామన్నాయి. మా సంఘం బస్సు కూడా అదే ఆదివారం అని నిన్న ఫోన్ వచ్చింది, నేను రావట్లేదని చెప్పా, అటువైపు కాసేపు మాట లేదు.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఒక్కటే. సోమవారం మీ జిల్లా పేజీలో ఆ సంఘాల ఫోటోల పక్కన ఏ మూలో మా మేడ ఫోటో ఒకటి వేస్తారా. ఆధ్వర్యంలో అని ఎవరి పేరూ ఉండదు, వీధి పేరు వేస్తే చాలు. ఇది చదివి ఇంకో వీధి వాళ్ళు పెట్టుకుంటామంటే గిన్నెలు, గుండిగలు నా దగ్గర ఉన్నాయి, వేరే ఆదివారం అయితే తీసుకెళ్ళొచ్చు, కడిగి ఇవ్వాలి అంతే.

మా వీధి వాళ్ళెవరైనా ఈ ఉత్తరం చూస్తే, కార్తీకం కదా కంద బచ్చలి చేద్దామనుకుంటున్నా, శనివారం సాయంత్రం కంద తరగడానికి ఇద్దరు కావాలి. చేతులు దురద పెడతాయి, చింతపండు నేనిస్తా.

ఇట్లు
ఒక కర్రీ పాయింట్ ఆవిడ
సింగ్ నగర్, విజయవాడ
(పేరు వెయ్యకండి ప్లీజ్, సంఘం వాళ్ళు మా ఆయన్ని అడుగుతారు)