పోలింగ్ సహాయ నిధి: జమా ఖర్చుల వివరణ
(కర్నూలు, జూన్ 2024)

మే 13 పోలింగ్ కోసం మన కాలనీ కమిటీ వసూలు చేసిన డబ్బు లెక్క ఇది. ఇళ్ల చందాలు రూ. 38,500, ఇద్దరు పెద్దల విరాళం రూ. 8,000, మొత్తం జమ రూ. 46,500. ఏ పార్టీ దగ్గరా, ఏ అభ్యర్థి దగ్గరా పైసా తీసుకోలేదు. ఒకాయన కండువా తీసి జేబులో పెట్టుకుని మరీ ఇవ్వబోతే, టీ తాగించి పంపించాం.

పోలింగ్ సిబ్బందికి భోజనాలు పెడదామని మొదట చందా అడిగాం. ఆ పద్దు కింద ఖర్చు సున్నా. స్థానికుల ఆతిథ్యం తీసుకోకూడదని సిబ్బందికి ఎన్నికల సంఘం నియమం ఉంది. సబబే కదా, ఈ పూట మన అన్నం తింటే రాత్రికి ఇంకొకరి బిర్యానీ వద్దనడం ఎలా? ఓటర్లను ఆటోల్లో దింపుదామన్న సలహా కూడా పక్కన పెట్టాం.

డబ్బు ఎక్కువగా పోలింగ్ ఏజెంట్లకు (బూత్‌లో అభ్యర్థుల తరఫున కూర్చునేవాళ్లకు) తరగతులు పెట్టడానికి పోయింది. బూత్‌లో ఏజెంటుకు పద్ధతి తెలియకపోతే టెన్షన్ అంతా బూత్ బాధ్యత మోసే ప్రిసైడింగ్ ఆఫీసరుకే. ఒకప్పుడు ఆ డ్యూటీ చేసిన రిటైర్డ్ టీచర్లు అన్ని పార్టీల కుర్రాళ్లనూ ఒకే హాల్లో కూర్చోబెట్టారు. ఏడింటికి పోలింగ్ అంటే అయిదున్నరకే మాక్ పోల్‌కు, అంటే మిషన్ సరిగా పనిచేస్తోందో చూసే ఉత్తుత్తి పోలింగ్‌కు రావాలి. కనీసం 50 ఓట్లు వేసి, ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్ లెక్కనూ, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీలనూ సరిచూడాలి. తర్వాత లెక్క చెరిపేశారో లేదో, చీటీలు నల్ల కవర్లో పెట్టి సీలు వేశారో లేదో దగ్గరుండి చూడాలి. సాయంత్రం బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం కాపీ తీసుకోకుండా కదలొద్దు. కౌంటింగ్ రోజు టేబుల్ దగ్గర మిషన్ నంబరూ, పోలైన ఓట్లూ సరిచూసుకోవడానికి ఆ కాగితమే ఆధారం.

హాలు, మైకు రూ. 6,500. నమూనా ఫారాల జిరాక్సులు, కరపత్రాలు రూ. 9,265. కరపత్రాల్లో ఏ పార్టీ ఊసూ లేకపోయినా ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు వేయించాం. ఉగ్గాని, బజ్జీ, టీలు రూ. 7,860 (బజ్జీల మీద ఇప్పటికే విమర్శ వచ్చింది, హాజరు చూశాక మాట్లాడండి). ఎండలకు కాలనీ మొదట్లో పెట్టిన చలివేంద్రం రూ. 5,900. మొత్తం ఖర్చు రూ. 29,525.

మిగిలింది రూ. 16,975, కమిటీ బ్యాంకు ఖాతాలో ఉంది. భోజనాల కోసమే ఇచ్చామనేవారు రసీదు చూపి తమ చందా వెనక్కి తీసుకోవచ్చు. బిల్లులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి చూడొచ్చు.