తీగ లాగి చూసి కొను

విజయనగరం

చిరంజీవి సాహితికి అమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు ఎలక్ట్రిక్ గిటార్ల వివరాలూ చదివాను. ఏది కొనాలో వీణ వాయించే అమ్మను అడగడం కొంత వింతగానే ఉన్నా, నీ ఎడమచేతి వేళ్లకు గమకం నేర్పింది నేనే గనుక నాకు ఆ హక్కు ఉందనుకుంటాను. గిటారు మీద కూడా కృతులే వాయిస్తానన్నావు కాబట్టి, తీగను పక్కకు లాగినప్పుడు ఏ గిటారు నీ వేలి మాట వింటుందో చూసి దానినే తీసుకో.

బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ నుంచి తొలుస్తారు గనుక కర్రను బట్టి నాదాన్ని అంచనా వేయడం మనకు అలవాటు. గుల్ల లేని ఎలక్ట్రిక్ గిటారుకు ఆ లెక్క అంతగా పనికిరాదు. అందులో తీగల కింద పికప్ ఉంటుంది. అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నని రాగి తీగలో, పైనున్న ఉక్కు తీగ కంపించినప్పుడల్లా కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. ఆంప్లిఫయర్ దానినే పెంచి వినిపిస్తుంది. నాదం ఎక్కువసేపు నిలవాలనే మన పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను వదిలి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. నాదం ఎక్కువగా పికప్ మీదే ఆధారపడుతుంది కాబట్టి ఫలానా చెట్టు కర్ర అని దుకాణదారు ధర పెంచితే నువ్వు కరగనవసరం లేదు.

నీకు నచ్చిన ఆ ఎర్ర గిటారు, 1954లో ఫెండర్ కంపెనీ తెచ్చిన స్ట్రాటోకాస్టర్ నమూనాలోది. చూడటానికి ముచ్చటగానే ఉంది. అయితే తీగల కింది కొసలను మోసే దాని బ్రిడ్జి వెనుక స్ప్రింగుల మీద ఆధారపడి నిలుస్తుంది. ఒక తీగను గట్టిగా లాగితే బ్రిడ్జి కొద్దిగా ముందుకు వంగి, మిగిలిన తీగలన్నీ శ్రుతి దిగుతాయి. రాక్ సంగీతం వాయించేవారు దానితో సర్దుకుపోవచ్చు గాని, పక్క తీగ మీద షడ్జమం మోగుతుండగా గాంధారాన్ని ఊపే నీకు అది ప్రతి నిమిషం చెవిని పొడుస్తుంది. స్ప్రింగులను బిగించి బ్రిడ్జిని కదలకుండా చేయవచ్చు నిజమే, కానీ మొదటి నుంచే కదలని బ్రిడ్జి ఉన్నది దొరుకుతున్నప్పుడు ఆ తిప్పలు ఎందుకు?

రెండవది మెడ. మన వీణ మెట్లు ఎత్తుగా ఉండటం వల్ల ఒకే మెట్టు మీద తీగను లాగి పైస్వరాలను పలికించగలం. గిటారు ఫ్రెట్లు పొట్టివి, పైగా అవి బిగించిన పలక అడ్డంగా కొంచెం గుండ్రంగా ఉంటుంది. పాత ఫెండర్ల మాదిరిగా ఆ గుండ్రం 7.25 అంగుళాల వ్యాసార్థంతో ఉండి, తీగలు పలకకు బాగా దగ్గరగా ఉంటే, పై ఫ్రెట్ల మీద తీగ లాగగానే అది మరో ఫ్రెట్టుకు తగిలి నాదం చచ్చిపోతుంది. 12 అంగుళాలు, అంతకంటే ఎక్కువ ఉన్న పలక చదునుగా ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది తగ్గుతుంది. తీగ పొడవు కూడా అడుగు. ఫెండర్ తరహా గిటార్లలో అది 25.5 అంగుళాలు, గిబ్సన్ కంపెనీ తరహాలో దాదాపు 24.75. పొట్టి తీగను అదే శ్రుతిలో బిగించినా బిగువు తక్కువ కనుక లాగడం సులువు. బ్రిటిష్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ ‘శక్తి’ అనే సంగీత బృందంలో వాయించిన గిటారుకు ఫ్రెట్ల మధ్య కర్రను తొలిచి ఉండేదని విని నువ్వూ అలాంటిదే కావాలంటావేమో. ఇప్పుడే వద్దు, గట్టిగా నొక్కే చేతికి అందులో ప్రతి స్వరమూ హెచ్చుగా పలుకుతుంది.

ఇక రొద సంగతి. ఒంటి చుట్టు పికప్‌లు తీగతో పాటు గదిలోని కరెంటు తీగల 50 హెర్ట్జ్ మోతను కూడా పట్టుకుంటాయి, నీ హాస్టల్ గదిలో ట్యూబ్‌లైటు, ఛార్జర్లు ఉండనే ఉన్నాయి. 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ రూపొందించిన హంబకర్ అనే పికప్‌లో రెండు చుట్లు ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఉండి ఆ మోతను రద్దు చేస్తాయి. ఇవన్నీ కలిపి చూస్తే నీ జాబితాలో నేను ఈ గుణాలన్నీ ఉన్న ఎపిఫోన్ లెస్ పాల్ గిటారు వైపే మొగ్గుతాను. పై ఫ్రెట్లు అందుకోవడం దానిలో కొంచెం కష్టమే, బరువు కూడా ఎక్కువ ఉండవచ్చు, కానీ నువ్వు కూర్చొనే వాయిస్తావు కదా.

దుకాణంలో ముందు ఆంప్లిఫయర్‌కు తగిలించకుండానే ప్రతి తీగను ప్రతి ఫ్రెట్టు మీద పలికించి, జిర్రుమనే చోటు ఎక్కడైనా ఉందేమో విను. మెడ అంచు వెంట అరచేయి జరిపి ఫ్రెట్ల చివరలు గీసుకుంటున్నాయేమో చూడు. 12వ ఫ్రెట్టు దగ్గర తీగను ముట్టీ ముట్టనట్టు తాకి మీటిన స్వరం, అక్కడే నొక్కి మీటిన స్వరం ఒకటిగా ఉండాలి. లేకపోతే బ్రిడ్జి సరిచేయించాలి. తరువాత తగిలించినప్పుడు శుద్ధమైన ధ్వనినే వినిపించమను, ధ్వనిని గరగరలాడించే డిస్టార్షన్ పెడితే సగం లోపాలు దానిలో మునిగిపోతాయి.

మొత్తం డబ్బు గిటారుకే పోసేయకు. మూడింట ఒక వంతు హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న చిన్న ఆంప్లిఫయర్‌కు, కేబుల్‌కు, తీగలను సరిచేయించడానికి ఉంచు. తీగల మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 9 నుంచి 42 వరకు ఉండే సన్నని సెట్టు వేయమని చెప్పు. దుకాణానికి వెళ్లినప్పుడు నాకు ఫోను చేసి, తోడిలో గాంధారం ఒక్కసారి వినిపించు.

అమ్మ