నష్టం జాబితాలో ఎండుచేపలకు గడి ఏది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఉప్పాడ తీరంలో సముద్రపు కోత గురించి మీ పత్రిక జిల్లా పేజీల్లో ఈమధ్య వస్తున్న కథనాలను వదలకుండా చదువుతున్నాను. కూలిన ఇళ్ళు, తెగిన బీచ్ రోడ్డు, దెబ్బతిన్న బోట్లు అన్నింటి గురించీ శ్రద్ధగా రాశారు. అయితే ఆ కథనాల్లో గానీ, వాటికి అధికారులు ఇచ్చిన వివరణల్లో గానీ, చేపను ఎండబెట్టి అమ్ముకునే ఆడవాళ్ళ ప్రస్తావన ఒక్క వాక్యంలోనైనా కనబడకపోవడం వల్ల ఈ ఉత్తరం రాయవలసి వచ్చింది. నేను కాకినాడ జిల్లా తీరంలోని ఒక మత్స్యకార గ్రామంలో పుట్టాను. మా అమ్మ ఉప్పుచేపల గంప నెత్తిన పెట్టుకుని మెట్ట ఊళ్ళు తిరిగి, కొందరి దగ్గర డబ్బులకూ కొందరి దగ్గర ధాన్యానికీ అమ్మి నన్ను చదివించింది. ఉపాధ్యాయినిగా ఉద్యోగ విరమణ చేసి ఇప్పుడు ఆ ఊళ్ళోనే ఉంటున్నాను కనుక, ఇక్కడ రాసేవి చాలావరకు కళ్ళారా చూసిన సంగతులే.

పడవ ఒడ్డు చేరేవరకు పని మగవాళ్ళది, చేరిన తరువాత పని ఆడవాళ్ళది. వేలంలో పాడుకోవడం, ఏరడం, ఐసు వేయడం, పచ్చి చేపను సంతకు చేర్చడం, అమ్ముడు కాని దాన్నీ చిన్నచేపనూ ఎండుకు వేయడం వాళ్ళే చేస్తారు. మంచి ఎండ కాస్తే నెత్తళ్ళ వంటి చిన్నచేపలు ఒకటి రెండు రోజుల్లో గలగలలాడతాయి. పెద్ద చేపనైతే చీల్చి, కడిగి, ఉప్పు పట్టించి, రాత్రంతా తొట్టిలో ఉంచి, ఆపైన మూడు నాలుగు రోజులు తిరగేస్తూ ఎండబెట్టాలి. ఈ వ్యాపారానికి పెట్టుబడి అప్పు తెచ్చుకోవచ్చు. ఎండనూ ఒడ్డునూ మాత్రం ఎవరూ అప్పివ్వరు. ఇప్పుడు వాతావరణ మార్పు మా ఆడవాళ్ళ చేతిలోంచి లాక్కుంటున్నవి సరిగ్గా ఆ రెండే.

ఉప్పాడ కోతకు వాతావరణ మార్పు ఒక్కటే కారణమని నేను అనడం లేదు. గోదావరి మీది ఆనకట్టల వెనుక ఒండ్రు నిలిచిపోయి డెల్టా తీరానికి ఇసుక రాక తగ్గడం అంతకు ముందునుంచీ ఉన్న సమస్య. దాని మీద సముద్ర మట్టం పెరుగుదల, తుపానుల ఉప్పెన కలిశాయి. దేశ తీరరేఖలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలతో చేసిన జాతీయ అధ్యయనం తేల్చింది. కారణాల వాటా ఎంతెంతన్నది శాస్త్రవేత్తలు తేల్చవలసిన విషయం. నా ప్రశ్న అంతకంటే చిన్నది. కోతను ఎదుర్కోవడానికి మనం చేస్తున్న పనుల్లో, పోయినదాన్ని లెక్కించే పద్ధతిలో ఎవరు కనబడుతున్నారు, ఎవరు కనబడటం లేదు అన్నదే నేను అడుగుతున్నాను.

గోడ సంగతే చూడండి. ఉప్పాడ వద్ద జియోట్యూబులతో, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలతో గోడ కట్టారు, అది దెబ్బతింది. రాళ్ళు పోశారు, ఇంకా పోస్తున్నారు. రాళ్ళ కట్ట వల్ల దాని వెనుక ఉన్న ఇళ్ళూ రోడ్డూ కొంతకాలం నిలుస్తాయి, కాదనను. కానీ అల వచ్చి కట్టకు కొట్టుకుని వెనక్కి లాగినప్పుడు ముందున్న ఇసుకను తీసుకుపోతుంది. కొన్నేళ్ళకు కట్ట మిగులుతుంది, ఒడ్డు మిగలదు. చేపలు ఆరబోసే చోటు అదే కనుక, మా ఊరి ఆడవాళ్ళు ఇప్పుడు తారురోడ్డు అంచున వలగుడ్డ పరిచి, ఆటో వచ్చినప్పుడల్లా ఒక కొస ఎత్తి పట్టుకుంటున్నారు. దుమ్ము పడిన సరుకుకు షావుకారు ధర తగ్గిస్తాడు. కట్ట నమూనా గీసేటప్పుడు బోట్ల రేవుకు దారి వదలాలని మగవాళ్ళు పట్టుబట్టి సాధించుకున్నారు. చేపలు ఆరబెట్టే ఆరుగట్లకు చోటు వదలాలని అడగడానికి ఆ సమావేశానికి ఆడవాళ్ళను ఎవరూ పిలవలేదు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మచిలీపట్నం, కాకినాడల మధ్య తీరం దాటింది. హెచ్చరికలు ముందే అందాయి, దానికి యంత్రాంగాన్ని మెచ్చుకోవాలి. బోట్లను పైకి లాగారు, వలలు ఇళ్ళకు చేర్చారు, ఇంజన్లు విప్పి దాచారు. సగం ఎండిన చేపను మాత్రం ఎక్కడా దాచలేము. పోగు పెట్టి బరకం కప్పితే లోపల ఆవిరి పట్టి చెడుతుంది, పరచి ఉంచితే వాన కొడుతుంది. అంటే ఎంత ముందుగా హెచ్చరిక వచ్చినా, పడవకు ఉపయోగపడినంతగా ఎండుచేపకు ఉపయోగపడదు. మా పిన్ని ఎనిమిది వేలు వడ్డీకి తెచ్చి కొన్న నెత్తళ్ళను వసారాలో పోసి బడికి వచ్చి తలదాచుకుంది. రెండు రోజుల తరువాత తిరిగి వెళ్ళేసరికి అవి మెత్తబడి, పొట్టలు పగిలి, ముద్దకట్టి ఉన్నాయి. మూడోనాటికి పురుగు కనబడింది. చివరకు కోళ్ళ దాణా కొనేవాళ్ళు ఇచ్చిన ధరకు ఒప్పుకుంది.

నష్టం రాసుకోవడానికి వచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే. పడవ ఎవరి పేరున ఉంది, వల ఎన్ని కిలోలు, ఇల్లు పాక్షికంగా పోయిందా పూర్తిగా పోయిందా అని ఓపికగా అడిగాడు. పిన్ని దోసెడు తడి నెత్తళ్ళు తెచ్చి అతని ముందు అరుగు మీద పోసింది. అతను కాసేపు వాటి వంకా ఫోను వంకా చూసి, "రాద్దామంటే ఇందులో గడి లేదమ్మా" అన్నాడు. తప్పు అతనిది కాదు. విపత్తు సహాయానికి కేంద్రం ఖరారు చేసిన నిబంధనల్లో మత్స్య రంగం కింద పడవల మరమ్మతు, పడవ పోతే కొత్తదానికి సాయం, వలలు, చేపపిల్లల పెంపకానికి రాయితీ ఉన్నాయి. ఒడ్డున ఉన్న చేప ఊసు లేదు.

అవే నిబంధనల్లో ఇంకొక అంశం ఉంది. చేనేత, హస్తకళల వారికి పనిముట్లు పాడైతే సాయం ఇవ్వాలి. ముడిసరుకు గానీ, తయారీలో ఉన్న సరుకు గానీ, తయారైన సరుకు గానీ నష్టపోతే విడిగా సాయం ఇవ్వాలి. ఉప్పాడ జాందానీ చీరలు నేసే ఊరు కూడా అని మీ పాఠకులకు చెప్పనక్కరలేదు. అంటే ఒకే ఊళ్ళో, ఒకే తుపానుకు, మగ్గం మీద సగం నేసిన చీర తడిస్తే అది తయారీలో ఉన్న సరుకు అవుతుంది. రెండు వీధుల అవతల సగం ఎండిన చేప తడిస్తే అది చెత్త అవుతుంది. నేతన్నకు వచ్చేది తగ్గించమని నేను అడగడం లేదు, అది కూడా వారికి చాలదు. కానీ ముడిసరుకు, తయారీ సరుకు అన్న ఆలోచన నిబంధనల్లో ఇప్పటికే ఉన్నప్పుడు దాన్ని ఎండుచేపకు వర్తింపజేయడం కొత్త సిద్ధాంతమేమీ కాదు. కేంద్ర నిబంధన మారేలోగా రాష్ట్ర ప్రభుత్వం తన సొంత నిధుల నుంచి ఈ సాయం ప్రకటించవచ్చు.

ఎవరికి ఎంత సరుకు ఉందో ఎలా తెలుస్తుంది, అందరూ నష్టపోయామంటారు కదా అని ఒక అధికారి నాతో అన్నారు. న్యాయమైన సందేహమే. కానీ మా ఊళ్ళో ఎవరు ఎండబెడతారో, ఎవరు పచ్చి చేప అమ్ముతారో డ్వాక్రా సంఘాలకు పేరుపేరునా తెలుసు. ఏటా వేట మొదలయ్యే ముందు గ్రామ సమాఖ్య ద్వారా జాబితా రాసి, గుర్తింపు కార్డులు ఇచ్చి, కుటుంబానికి ఇంతని స్థిరమైన మొత్తం నిర్ణయిస్తే కిలోలు తూచే బాధ ఉండదు. మగవాడి పేరు బోటు రిజిస్ట్రేషన్ వల్ల ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆడమనిషి పేరు అలా ఎక్కే పుస్తకం మా ఊళ్ళో నాకు కనబడలేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2010 గణన ప్రకారం మన రాష్ట్రంలో 555 సముద్ర మత్స్యకార గ్రామాలు ఉన్నాయి. అన్ని ఊళ్ళలో జాబితా రాయడం సచివాలయ సిబ్బందికి మోయలేని భారమేమీ కాదు.

వేట నిషేధ భృతి విషయంలోనూ ఇదే జరుగుతోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆగితే, వేటకు వెళ్ళే మత్స్యకారుడికి ఇంతకు ముందు 10,000 రూపాయలు, 2025 నుంచి 20,000 రూపాయలు ఇస్తున్నారు. పెంపు మంచిదే. అయితే ఆ 61 రోజులూ చేప కొని అమ్మే మనిషికి కూడా పని ఉండదు. భర్త వేటకు వెళ్ళే ఇంట్లో ఆ డబ్బు ఇద్దరినీ ఆదుకుంటుందనుకుందాం. భర్త పోయి, గంప మీదే ఇల్లు నడుపుకునే ఆడవాళ్ళకు వచ్చేది సున్నా. తీర గ్రామాల్లో అలాంటి ఇళ్ళు వీధికి ఒకటి రెండయినా ఉంటాయి.

పథకాలు లేవని కాదు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో మహిళలకు 60 శాతం రాయితీ ఉంది. మిగిలిన 40 శాతం ఎలాగో తెచ్చుకున్నా, ఎండబెట్టే షెడ్డు ఎక్కడ వేస్తావంటే ఆమె చూపించగల పట్టా లేదు. ఆమె తరతరాలుగా వాడుకున్న ఒడ్డు పొరంబోకు, అదీ ఇప్పుడు నీళ్ళలో ఉంది. అందువల్ల వ్యక్తికి రాయితీ ఇవ్వడం కంటే, ఉప్పెన అందనంత ఎత్తున ఊరి ఉమ్మడి స్థలం చూసి, ఎత్తయిన ఆరుగట్లు, వాన వస్తే సరుకు చేర్చడానికి గాలి ఆడే గోదాము కట్టి మహిళా సమాఖ్యకు అప్పగించడమే పనికొస్తుంది. పక్కనే ఒక మంచినీటి కుళాయి కూడా పెట్టించాలి. చేతిపంపుల్లో నీరు ఉప్పగా మారిన ఊళ్ళలో చేప కడగడానికీ తాగడానికీ నీళ్ళు మోసేది కూడా ఈ ఆడవాళ్ళే.

తుపాను షెల్టర్ల గురించి ఒక్క మాట. 1991లో బంగ్లాదేశ్ తుపానులో 20 నుంచి 44 ఏళ్ళ వయసువారిలో వెయ్యి మంది ఆడవాళ్ళకు 71 మంది చనిపోగా, మగవాళ్ళలో 15 మంది చనిపోయారు. అదే బంగాళాఖాతం, అదే చీరకట్టు, అదే చంకలో బిడ్డ. మొంథా రాత్రి మా బడిలో రెండు మరుగుదొడ్లు ఉంటే ఒకదానికి గడియ లేదు. చీకటి పడ్డాక నలుగురైదుగురు ఆడవాళ్ళు చెప్పకుండా ఇళ్ళకు వెళ్ళిపోయారు. వాన ఎక్కువ కాకముందే వాళ్ళను వెనక్కి తేవడానికి నేనూ, ఇద్దరు ఆశా కార్యకర్తలూ టార్చిలైట్లు పట్టుకుని తిరిగాము. గడియ పెట్టించమని ఆ తరువాత రెండు అర్జీలు ఇచ్చాను. ఈ ఉత్తరం రాసేనాటికి దానికి తాడు కట్టి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
కాకినాడ జిల్లా.