బ్లూ టాంగ్ విషయంలో నేను తప్పిన మాట

సంక్రాంతి తర్వాత పది రోజుల్లో మా విజయవాడ గవర్నర్‌పేట దుకాణంలో ఉప్పునీటి చేపలు కొన్న మీ అందరికీ ముందుగా క్షమాపణ చెబుతున్నాను. ఆ పది రోజుల్లో చేపలు తీసుకువెళ్లిన తొమ్మిది ఇళ్లలో ఐదింటికి తెల్లమచ్చల వ్యాధి చేరింది. అది మా ట్యాంకుల నుంచే వచ్చింది. మీరు కలిపిన ఉప్పులో గానీ, మీ పిల్లలు వేసిన మేతలో గానీ ఏ లోపమూ లేదు.

నాలుగడుగుల ట్యాంకుకు బ్లూ టాంగ్ అనే సముద్రపు చేపను ఇవ్వననే నా నియమం మీలో పాతవారికి తెలుసు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల ట్యాంకు. లెక్క ప్రకారం అందులో 250 లీటర్లు పట్టినా, రాళ్లూ ఇసుకా పోగా నిలిచేది దాదాపు 200 లీటర్లే. బ్లూ టాంగ్ దుకాణంలో రెండంగుళాల పిల్లగా ముద్దుగా కనిపిస్తుంది కానీ, ఎదిగితే 30 సెంటీమీటర్లు, అంటే అడుగు పొడవు అవుతుంది. పగలంతా ఆగకుండా ఈదే చేప అది. అంత చేపకు అడుగున్నర వెడల్పులో వెనక్కి తిరగడమే కష్టం. అందుకే నాలుగడుగుల ట్యాంకు ఉన్నవారు ఎవరు అడిగినా పదకొండేళ్లుగా ఇవ్వనంటూ వచ్చాను.

డిసెంబరులో మన వాట్సాప్ గ్రూపులో ఒకరు, "తెప్పించే స్తోమత లేక నియమాలు చెబుతున్నారు" అని రాశారు. ఆ మాట నన్ను చాలా బాధించింది. నా నియమం సరైనదని తెలిసి కూడా, స్తోమత ఉందని చూపించడానికి ఆరు బ్లూ టాంగ్‌లకు ఆర్డరు పెట్టాను. ఆ తప్పు పూర్తిగా నాది.

సరఫరాదారు చేసిన తప్పు వేరు. చెన్నైలోని ఆ వ్యాపారితో నాకు ఆరేళ్ల పరిచయం ఉంది. ఈ చేపలను మూడు వారాలు, పరాన్నజీవులను చంపే రాగి మందు వేసిన నీటిలో ఉంచి, మేత తింటున్నాయని చూసుకున్నాకే పంపుతున్నానని ఆయన ఫోనులో చెప్పడమే కాక, బిల్లు వెనుక రాసి కూడా ఇచ్చారు. ఆ రాతను నమ్మి, పండుగ రద్దీలో కొత్త చేపలను విడిగా నాలుగు వారాలు ఉంచే అలవాటు పక్కనపెట్టి, వాటిని నేరుగా అమ్మకపు ట్యాంకుల్లోకి వదిలాను. ఆ ట్యాంకులన్నిటికీ నీరు ఒకే సంపు నుంచి తిరుగుతుంది. ఆరో రోజు ఉదయం దీపం వేసేసరికి ఒక టాంగ్ రాయికి ఒళ్లు రాసుకుంటోంది, దాని రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలున్నాయి. సాయంత్రానికి క్లౌన్ చేపలకూ అవే చుక్కలు కనిపించాయి. చేపలు వచ్చిన సంచుల్లోని నీరు కొంచెం మిగిలి ఉంటే టెస్ట్ కిట్‌తో చూశాను, రాగి జాడే లేదు. ప్యాకింగ్‌కు కొత్త నీరు పోశామని ఆయన అన్నారు. అది జరగని పని కాదు కనుక, మూడు వారాల మందు లెక్కలు, ట్యాంకు ఫోటోలు చూపించమని అడిగాను. మొదట రేపన్నారు, తర్వాత పనివాడు ఊరికెళ్లాడన్నారు, ఆపైన నా ఫోను తీయడం మానేశారు. డబ్బు పోయినందుకంటే, ఆరేళ్లలో ఒక్కసారి కూడా బాకీ పెట్టని నాకు ఒక్క కాగితం చూపించలేకపోయినందుకే ఎక్కువ బాధ కలిగింది. ఆయన దగ్గర ఇక ఒక్క చేప కూడా కొనను.

ఆ తర్వాత రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మందు వేసి చుక్కలు పోగానే అమ్మకాలు మొదలుపెట్టవచ్చని తోటి వ్యాపారులు సలహా ఇచ్చారు. కానీ చుక్కలు పోయినంత మాత్రాన వ్యాధి పోయినట్టు కాదు. ఈ పరాన్నజీవి చేప ఒంటి మీద కొన్ని రోజులుండి, రాలి, ఇసుకలో గట్టి పొర కట్టుకుంటుంది. అందులో వందల పిల్లలు తయారై మళ్లీ చేపలను వెతుక్కుంటూ వస్తాయి. నడుమ వచ్చే ఆ శుభ్రమైన రోజులను చూసే అందరూ మోసపోతారు. రాగి మందేమో రొయ్యలనూ సముద్రపు పువ్వులనూ (ఎనిమోన్‌లనూ) చంపేస్తుంది కనుక ఇంటి ట్యాంకులో వేయడానికి వీల్లేదు. మిగిలిన దారి ఒక్కటే: చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి మందు వేస్తూ, అసలు ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా నడపడం. ఇసుకలోని పొరలన్నీ పగిలి పిల్లలు బయటికి రావడానికి అన్ని రోజులు పట్టవచ్చు; బయటికి వచ్చాక చేప దొరకకపోతే ఆ పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే చచ్చిపోతాయి. అద్దె, కరెంటు బిల్లు, ఇద్దరు కుర్రాళ్ల జీతం అన్నీ లెక్క వేసుకుని, చివరికి ఆ దారే పట్టాను. శ్రీరామనవమి వెళ్లాకే ఉప్పునీటి చేపల అమ్మకం మళ్లీ మొదలవుతుంది. మంచినీటి చేపల విభాగం మామూలుగానే నడుస్తోంది, దాని వలలూ బకెట్లూ వేరు.

ఆ తొమ్మిది ఇళ్లవారికీ పూర్తి డబ్బు తిరిగి ఇస్తాను, బిల్లు అవసరం లేదు. వ్యాధి వచ్చిన ఐదు ఇళ్లకు మందు తొట్టి, హీటరు, టెస్ట్ కిట్ నేనే తెచ్చి అమరుస్తాను. పటమటలో రెండు ఇళ్లలో ఆ పని అయింది. గుంటూరు బ్రాడీపేట వారి ఇంటికి ఈ ఆదివారం వస్తాను.

మళ్లీ తెరిచాక నాలుగడుగుల ట్యాంకుకు నేనిచ్చేవి ఇవే: ఒక జత క్లౌన్‌లు, ఒక ఫైర్‌ఫిష్, ఒక గోబీ, ఒక జత బంగాయ్ కార్డినల్‌లు, అన్నిటికన్నా చివర ఒక కోరల్ బ్యూటీ. ఏడు చేపలు చాలు. కోరల్ బ్యూటీని ముందు వదిలితే ట్యాంకంతా తనదే అనుకుని, తర్వాత వచ్చినవాటిని తరుముతుంది. ఫైర్‌ఫిష్ బెదిరితే బయటికి దూకుతుంది కనుక మూత లేని ట్యాంకుకు ఇవ్వను. క్లౌన్‌లు కావాలంటే ఒకటి చిన్నదీ ఒకటి పెద్దదీ తీసుకోండి, పెద్దది ఆడదవుతుంది. ఇకపై క్లౌన్‌లూ కార్డినల్‌లూ హేచరీలో పుట్టినవే తెస్తాను. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌లను హేచరీలో పెంచే పద్ధతిని ఏనాడో రూపొందించింది కనుక, సముద్రంలో పట్టినవాటి కోసం పాకులాడవలసిన పని లేదు.

ఆరు బ్లూ టాంగ్‌లలో ఒకటి బతికింది. వెనుక గదిలో మందు తొట్టిలో ఉంది, నిన్న మొదటిసారి నోరి (ఎండిన సముద్రపు నాచు) ముక్క కొరికింది. దాని కోసం ఇప్పటికే ముగ్గురు అడిగారు. ముగ్గురివీ నాలుగడుగుల ట్యాంకులే కనుక ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను.